తమ్ముడి తరఫున

ఆ వీధిలో అందరూ ఆమెను కళ్ళజోళ్ళక్క అనే పిలిచేవాళ్ళు. కళ్ళజోళ్ళ షాపు వెనక గదిలో ఆమె పని. గుండ్రంగా వచ్చిన అద్దాన్ని ఫ్రేము ఆకారానికి అరగదీసి, అంచు నున్నగా చేసి, బిగించి, మనిషి ముక్కుకూ చెవులకూ సరిపోయేలా కాడలు వంచి ఇవ్వాలి. ప్లాస్టిక్ కాడ అయితే వేడిగాలి తగిలించి మెత్తబడ్డాకే వంచాలి. తొందరపడితే పుటుక్కుమంటుంది. "ఇప్పుడెలా ఉంది? చెవి వెనక నొక్కుతోందా?" అని ఆమె అడుగుతూనే ఉండేది. బాగానే ఉందన్నా వదిలేది కాదు. "మొహమాటపడకండి. రేపు పుండు పడితే నన్నే తిట్టుకుంటారు" అనేది.

ముక్కూ మొహం తెలియనివాళ్ళను అన్నిసార్లు అడిగే మనిషి, సొంత తమ్ముణ్ణి అడగాల్సిన మాట అడగలేదు. అడగకపోగా అతను చెప్పిన మాటను మార్చి చెప్పింది. ఆ మార్పు ఎంతో లేదు, ఒక్క మాటలో సగం. దాంతో తమ్ముడు రెండు దేశాల మధ్య ఎవరికీ చెందకుండా దాదాపు ఏడాదిపాటు ఇరుక్కుపోయాడు.

తమ్ముడు ఉండేది వేరే దేశంలో. వాళ్ళ అమ్మానాన్నలు పని వెతుక్కుంటూ పిల్లలిద్దర్నీ చంకనేసుకుని ఆ దేశం చేరారు. పెళ్ళయ్యాక ఆమె భర్తతో కలిసి ఈ దేశం వచ్చేసింది. తమ్ముడు అక్కడే ఉండిపోయాడు. అతనికి పుట్టుకతోనే ఒళ్ళు బిగుసుకుపోయి ఉండేది. కాళ్ళు వంగవు. ఎడమచెయ్యి ఛాతీకి అతుక్కుని ఉంటుంది. మెడ దానిష్టం వచ్చినప్పుడు పక్కకు తిరుగుతుంది. మాట ముద్దముద్దగా వస్తుంది, కొత్తవాళ్ళకు ఒక్క ముక్క అర్థం కాదు. బుర్ర మాత్రం పాదరసం. ఒంట్లో అతని మాట వినేది కుడిచేతి బొటనవేలు ఒక్కటే. "మిగతా వాళ్ళంతా యూనియన్‌లో చేరిపోయారు, వీడొక్కడే డ్యూటీకొస్తాడు" అనేవాడు దాన్ని చూపించి.

తల్లిదండ్రులు పోయాక ఆ దేశపు ప్రభుత్వమే అతనికి అన్నీ అమర్చింది. నేలమీది అంతస్తులో వెడల్పాటి తలుపుల ఫ్లాటు, నెలనెలా పింఛను, బొటనవేలితో నడిపే మోటారు కుర్చీ, పొద్దునా సాయంత్రం వచ్చి స్నానం, తిండి, బట్టలు చూసే సహాయకుడు. ఆ సహాయకుడు గుమ్మంలో తల వంచి రావాల్సినంత పొడుగు. అందుకే అందరికీ పొడుగాయన అయిపోయాడు. తమ్ముణ్ణి అతను "గురూ" అని పిలిచేవాడు. పగలు వ్యాను వచ్చి తమ్ముణ్ణి ఒక మొక్కల నర్సరీకి తీసుకెళ్ళేది. అక్కడ నారు పోసే ట్రేలలో మట్టి నింపి అతని ముందు పెట్టేవాళ్ళు. బొటనవేలితో గుంట గుచ్చి, విత్తనం జార్చి, మళ్ళీ బొటనవేలితోనే కప్పేవాడు. గుంటలన్నీ ఒకే లోతు. మధ్యాహ్నానికి నాలుగు ట్రేలు అయితే ఎక్కువ. కానీ ఆ ట్రేలలో మొలకలు ఒకేసారి లేచేవి.

ఇలా ఉండగా కళ్ళజోళ్ళక్క భర్త పోయాడు. పిల్లల్లేరు. ఇంటికొస్తే కడుక్కోవడానికి ఒక్క కంచం, ఒక్క గ్లాసు. టీవీ పెట్టినా, పాటలు పెట్టినా, ఇల్లు నోరు మూసుకునే ఉండేది. దానికి తోడు పెద్దమ్మ ఫోన్లు.

"నీకంటూ మిగిలింది వాడొక్కడే. వాణ్ణి జీతగాళ్ళ చేతుల్లో పెట్టి నువ్విక్కడ ఒంటిగా కూర్చోడమేమిటే? వినేవాళ్ళు ఏమనుకుంటారు?" అనేది పెద్దమ్మ.

ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. గుచ్చుకున్నది పూర్తిగా తమ్ముడి కోసం కాదని ఆమెకు లోపల్లోపల తెలుసు. ఇంట్లో ఇంకో మనిషి ఊపిరి వినిపిస్తే చాలనిపించేది. కానీ 'నాకు తోడు కావాలి' అని అనడానికి నోరు రాలేదు. తమ్ముడి ఫ్లాటుకు వెళ్ళి, అతని ఎదురుగా కూర్చుని, "నాతో వచ్చెయ్యరా. నీ కోసమే చెప్తున్నా" అంది.

"అక్కడ నర్సరీ ఉందా?" అన్నాడు తమ్ముడు.

"వెతుకుదాంలే."

"పొడుగాయన?"

"నేనున్నాగా. పరాయివాళ్ళెందుకు?"

 తమ్ముడి మెడ నెమ్మదిగా కిటికీ వైపు తిరిగిపోయింది. "కొన్నాళ్ళుండి చూస్తా" అన్నాడు చివరికి.

'కొన్నాళ్ళు' అన్నది చెవినపడనట్టే ఆమె "సరే" అంది.

దేశం దాటేముందు అక్కడి ఆఫీసులో చెప్పి వెళ్ళాలి. పొడుగాయన కూడా వస్తానన్నాడు. "మీకెందుకు శ్రమ, నేను చెప్తాగా" అని ఆమే ఆపేసింది. ఆఫీసరు ఒక నడివయసావిడ, జలుబుతో ముక్కు తుడుచుకుంటూ ఉంది. విసుక్కోకుండా విడమరచి చెప్పింది. కొన్నాళ్ళకే వెళ్ళేటట్టయితే ఫ్లాటు, కుర్చీ, సహాయకుడు అన్నీ ఆయన పేరునే ఉంటాయి, ఏడాదిలోపు తిరిగొస్తే చాలు. శాశ్వతంగా వెళ్ళేటట్టయితే అన్నీ ఆపెయ్యాలి. మళ్ళీ కావాలంటే కొత్తగా వచ్చినవాళ్ళలాగే మొదటినుంచీ మొదలుపెట్టుకోవాలి.

"అందుకే ఆయన్నే అడుగుతున్నా. మీరే చెప్పండి" అంది ఆఫీసరు తమ్ముడి వైపు తిరిగి.

తమ్ముడు ఊపిరి కూడదీసుకున్నాడు. మెడ పక్కకు లాగేస్తున్నా నిలదొక్కుకుని, ఒక్కొక్క అక్షరం పేర్చి, "వెళ్ళొస్తాను" అన్నాడు.

ఆఫీసరుకు అర్థం కాలేదు. అక్క వైపు చూసింది.

"వెళ్తానంటున్నాడు. ఇక నా దగ్గరే ఉంటాడు" అంది కళ్ళజోళ్ళక్క.

వాకిలి తెరిచి ఉన్నంతకాలం మనిషి చూపు వాకిలి మీదే ఉంటుందని ఆమె భయం. ఫ్లాటు అలాగే ఉందంటే ఏ రోజైనా వెళ్ళిపోతానంటాడు. అది లేకపోతే సర్దుకుంటాడు. అసలు గుమ్మం దాటే మనిషి ఎవరు 'వెళ్తాను' అంటారు, అందరూ వెళ్ళొస్తాననే కదా అంటారు, వాడూ అలాగే మర్యాదకు అన్నాడు, అని తనకు తానే సర్దిచెప్పుకుంది. మర్యాదకైతే అంత కష్టపడి అక్షరాలు పేర్చనక్కర్లేదని తెలిసి కూడా.

తమ్ముడు ఆమె వైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు. ఉండి ఉంటే బాగుండేదని తర్వాత ఆమె చాలాసార్లు అనుకుంది.

మోటారు కుర్చీ ప్రభుత్వానిది కాబట్టి అక్కడే అప్పగించాల్సి వచ్చింది. పొడుగాయన తమ్ముణ్ణి ఎత్తి రైల్లో కూర్చోబెట్టి, అక్కను పక్కకు పిలిచాడు. "అక్కగారూ, రోజూ పొద్దున్నే వేళ్ళు సాగదియ్యాలి. బొటనవేలు మర్చిపోకండి. దానికి పని లేకపోతే బిగుసుకుపోతుంది." ఆమె తలూపింది. ఇంత చిన్న సంగతి తనకు తెలియదా అనుకుంది.

కొత్త ఊళ్ళో మొదటివారమే ఇద్దరూ ఇక్కడి ఆఫీసుకు వెళ్ళారు. అక్కడున్నవన్నీ ఇక్కడా ఉంటాయనీ, చెప్పగానే మొదలవుతాయనీ ఆమె ధీమా. ఇక్కడి ఆఫీసరు పలచటి మీసాల కుర్రాడు. కాగితాలు చూసి, "ఈయన వచ్చి ఎన్నాళ్ళయింది?" అన్నాడు.

"మొన్ననే. నేను మాత్రం ఇక్కడ ఇరవై ఏళ్ళుగా పన్ను కడుతున్నా."

"కట్టింది మీరు, వచ్చింది ఆయన. ఇక్కడ స్థిరపడి రెండేళ్ళు ఉన్నాకే పింఛనైనా, సహాయకుడైనా."

"అంతవరకూ ఎలాగండీ?"

"అంతవరకూ అక్కడివాళ్ళు చూడాలి. రెండు దేశాలకీ ఆ మాత్రం ఒప్పందం ఉంది. కొన్నాళ్ళకి వెళ్తున్నామని చెప్పినవాళ్ళకి అక్కడిది ఏడాది దాకా ఆగదు. కానీ ఈ కాగితాల్లో శాశ్వతంగా వదిలి వచ్చినట్టు ఉంది. అలా అని ఎవరు చెప్పారు?"

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టయింది ఆమెకు. చేతిసంచీ ఈ భుజం మీంచి ఆ భుజానికి మార్చుకుంది. "ఆయనే" అంది.

తమ్ముడు పక్కనే ఉన్నాడు. మొదటి అబద్ధం ఒక మాటలో సగం. ఇది నిండు అబద్ధం, అదీ అతని ముందే అతని మీద వేసింది.

కుర్రాడు చేతులు చాపాడు. "అయితే ఏం చెయ్యలేం మేడమ్. అక్కణ్ణుంచి వెళ్ళిపోయారు, రూలు ప్రకారం ఇక్కడికింకా రాలేదు."

బయటికొచ్చాక తమ్ముడు నవ్వాడు. "రెంటికీ చెడ్డ రేవడినయ్యానన్నమాట" అన్నాడు. ఆమె నవ్వలేకపోయింది.

ఆ నవ్వుతోనే ఇద్దరి కొత్త బతుకు మొదలైంది. ఆమె ఉండేది మూడో అంతస్తు. ఆసుపత్రివాళ్ళు వాడి పక్కనపెట్టిన తోపుడు కుర్చీ ఒకటి అడిగి తెచ్చుకున్నారు. అది లిఫ్టులో పట్టాలంటే పాదాలు పెట్టుకునే పలకలు రెండూ విప్పాలి, దిగాక మళ్ళీ బిగించాలి. ఎవరో ఒకరు తొయ్యందే అది అంగుళం కదలదు. సొంత బొటనవేలితో ఊరంతా తిరిగిన మనిషి, మంచినీళ్ళ కోసం గది ఈ మూలనుంచి ఆ మూలకు వెళ్ళాలన్నా అక్క రావాల్సిందే.

ఆమె షాపులో సగంపూటకు మారింది. పొద్దున్నే లేచి అతన్ని పక్కకు తిప్పి, తుడిచి, స్నానం చేయించి, తినిపించి, కిటికీ దగ్గర కూర్చోబెట్టి, గొట్టం వేసిన నీళ్ళగ్లాసు అందేలా పెట్టి వెళ్ళేది. కిటికీలోంచి బస్సు డిపో కనిపించేది. వారం తిరక్కుండా తమ్ముడు డ్రైవర్లందరి జాతకాలూ చెప్పసాగాడు. "ఏడో నంబరుకి కొత్తవాడొచ్చాడు. మలుపు దగ్గర బస్సు కంటే వాడే ఎక్కువ వణుకుతున్నాడు. లావాటాయన ఇవాళ కూడా టిఫిన్ డబ్బా మర్చిపోయి వెనక్కొచ్చాడు. పెళ్ళాం గేటు దగ్గర తిడుతోంది." ఆమె అన్నం కలుపుతూ వినేది. ఇంట్లో మాట వినిపించాలని కోరుకుంది కదా, ఇప్పుడు వినిపిస్తోంది. కానీ ఆ మాటలు చెప్పేవాడికి పొద్దుటినుంచీ చూడ్డానికి ఆ డిపో తప్ప ఏమీ లేదన్న సంగతి గొంతులో మెతుకులా అడ్డుపడేది.

నర్సరీ కోసం వెతికింది. ఉంది. కానీ అక్కడికి చేర్చే వ్యానుకూ ఆ రెండేళ్ళ రూలే. కిటికీ గట్టుమీద ఒక ట్రే, మట్టి, విత్తనాలు తెచ్చి పెట్టింది. మూడో రోజుకే తమ్ముడు, "తీసెయ్యక్కా" అన్నాడు. ఎందుకురా అంటే, "అక్కడ నేను నలుగురితో పనిచేసేవాణ్ణి. ఇది ఆడుకోడానికిచ్చినట్టుంది" అన్నాడు. ఆమె ట్రే తీసి వరండాలో పెట్టింది.

ఒకరోజు ఉదయం స్నానాల గదిలో అతన్ని బల్ల మీంచి కుర్చీలోకి మారుస్తుంటే ఆమె నడుం కలుక్కుమంది. కాలు జారింది. ఇద్దరూ గోడకు రాసుకుంటూ కిందపడ్డారు. ఆమె కింద, అతను పైన. లేవబోతే నడుం సహకరించదు. అతనికి కదలడం రాదు. కుళాయి మూసే దిక్కులేదు, నీళ్ళు పోతూనే ఉన్నాయి.

"అక్కా, ఊపిరాడుతోందా?" అన్నాడు తమ్ముడు ఆమె చెవిలో.

"ఆడుతోందిరా."

"నేను లేద్దామనుకుంటున్నా గానీ, మావాళ్ళంతా సమ్మెలో ఉన్నారు."

ఆమెకు నవ్వొచ్చింది. నవ్వితే నడుం పోటెత్తింది. అలా నవ్వుతూ నవ్వుతూ ఏడ్చేసింది. కింది ఇంటావిడ కప్పులోంచి నీళ్ళు కారుతున్నాయని తిట్టడానికి వచ్చి, వీళ్ళ అవస్థ చూసి నోరు మూసుకుని, కొడుకును పిలిచి లేవనెత్తించింది. ఆ తర్వాత ఆమె నడుముకు పట్టీ కట్టుకునే పనిచేసింది. షాపులో ఒకాయనకు కుడికంటి అద్దం ఎడమకూ, ఎడమది కుడికీ బిగించి ఇచ్చేసింది. ఆయన మెట్లమీద తడబడి వెనక్కొచ్చాడు. యజమాని ఏమీ అనలేదు గానీ, అప్పట్నుంచీ ఆమె చేసిన ప్రతి జోడూ దీపం కింద పెట్టి చూసుకునేవాడు.

ఎనిమిది నెలలు దాటాక ఒక పొద్దున ఆమె తమ్ముడి వేళ్ళు సాగదీస్తూ ఆగిపోయింది. బొటనవేలు రాలేదు. అరచేతిలోకి ముడుచుకుని, తలుపు వేసుకున్నట్టు ఉంది. నెమ్మదిగా లాగింది. తమ్ముడు పళ్ళ బిగువున ఓర్చుకున్నాడు.

"ఎన్నాళ్ళనుంచిరా ఇలా?"

"కొన్నాళ్ళయింది."

"చెప్పొద్దూ?"

"నువ్వు పొద్దున పరుగుల్లో ఉంటావుగా."

రోజూ సాగదియ్యమని పొడుగాయన చెప్పాడు. ఆమె మొదట్లో రోజూ చేసింది. తర్వాత రోజు విడిచి రోజు. నడుం పట్టాక ఎప్పుడో గుర్తొచ్చినప్పుడు. ఆ వేలు పట్టుకుని కూర్చున్న ఆమెకు షాపుకు వెళ్ళే బుద్ధి పుట్టలేదు. తోడబుట్టినవాణ్ణి పరాయివాళ్ళ చేతుల్లో ఉంచకూడదని తీసుకొచ్చింది. ఆ పరాయివాళ్ళు పదేళ్ళు కాపాడిన వేలిని తను ఏడాది తిరక్కుండా పోగొట్టింది.

ఆ ఆదివారం పొడుగాయన ఫోన్ చేశాడు. ఎప్పుడూ చేసేదే. ఆమె ఫోన్ స్పీకర్‌లో పెట్టి బల్లమీద ఉంచింది.

"గురూ, నీ ఫ్లాటు ఖాళీగానే ఉంది. పైపులు మార్చే పని సాగుతోంది" అన్నాడు. తర్వాత గొంతు మార్చి, "అక్కగారూ, ఒక సంగతి అడుగుతా, ఏమనుకోవద్దు. గురువు నాతో కొన్నాళ్ళకే వెళ్తున్నానన్నాడు. ఆఫీసులో శాశ్వతమని ఉందట. అదెలాగండీ?"

 ఆమె బల్ల అంచు పట్టుకుని నిలబడింది.

"పొరపాటు" అన్నాడు తమ్ముడు.

"పొరపాటైతే దిద్దించుకోవచ్చు. ఏడాది దాటకముందే వచ్చి చెప్తే వింటారు. దాటితే మాత్రం ఎవరూ ఏమీ చెయ్యలేరు. ఆలోచించుకోండి" అని పొడుగాయన పెట్టేశాడు.

ఆమె తమ్ముడి ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చుంది. ఎటు చూడాలో తెలియక అతని చొక్కా బొత్తాము వైపు చూసింది.

"నీకు తెలుసు కదరా."

"పక్కనే ఉన్నాగా. చెవులు బాగానే పనిచేస్తాయి నాకు."

"మరి అప్పుడే ఎందుకు కాదనలేదు?"

"కాదన్నా, అది ఆ ఆఫీసరావిడకి ఎవరు చెప్పాలి? నువ్వే చెప్పాలి" అన్నాడు తమ్ముడు.

అతను మామూలుగానే అన్నాడు, ఎత్తిపొడుపు లేదు.  అతనికి నోరంటే తనే. ఆ నోటితోనే అతన్ని కాదంది. దానిమీద ఫిర్యాదు చెయ్యాలన్నా మళ్ళీ ఆ నోటినే బతిమాలుకోవాలి.

తమ్ముడే మళ్ళీ అన్నాడు. "ఇంకోటి కూడా ఉంది. బావ పోయాక నువ్వు సగమైపోయావు. నాలుగు నెలలు పక్కనుంటే కుదుటపడతావనుకున్నా. నా కోసమని ఎందుకన్నావో గానీ, నీ కోసమని అడిగినా వచ్చేవాణ్ణే."

ఆమె లేచి వెళ్ళి మొహం కడుక్కుని వచ్చి, "ఈ నెల్లోనే వెళ్దాం" అంది.

"వెళ్ళి, సరిగా వినపడలేదని చెప్పు" అన్నాడు తమ్ముడు. "నా మాట ఎవరికి వినపడుతుంది కనక? ఇట్టే నమ్ముతారు. నీకూ ఏ ఇబ్బందీ రాదు."

రైల్లో దారిపొడుగునా ఆమె ఆ మాటే నమిలింది. వినపడలేదంటే సరిపోతుంది. పని జరుగుతుంది, పరువు దక్కుతుంది. తమ్ముడే ఇచ్చిన దారి. అయినా ఏదో గీసుకుంటోంది. పెట్టుకోగానే బాగానే ఉండి, సాయంత్రానికి చెవి వెనక పుండు చేసే కాడలాగ.

ఆఫీసులో ఈసారి ఇద్దరున్నారు. అప్పటి ఆవిడ, ఆవిడ పైఅధికారి. ఆయన జుట్టంతా నెరిసింది, మాట మెత్తన. పొడుగాయన సెలవు పెట్టుకుని వచ్చి గోడకానుకుని నిలబడ్డాడు.

"వెళ్ళేటప్పుడు మీ తమ్ముడు తిరిగొస్తానన్నారట. మీరు శాశ్వతమన్నారు" అన్నాడు పైఅధికారి. "ఆయన మాట కొంచెం కష్టమే. మీకు సరిగా అర్థమై ఉండదు, అవునా?"

అవునంటే అయిపోయేది. తమ్ముడు ఆమెకేసి చూసి, అనెయ్యమన్నట్టు కళ్ళు మూసి తెరిచాడు. అప్పుడు తట్టింది ఆమెకు, గీసుకుంటున్నదేమిటో. అర్థం కాలేదంటే తప్పు అతని నాలుకదవుతుంది. సొంత అక్కకే అర్థం కానివాడి మాటకు రేపు ఎవరు విలువిస్తారు? ఆమె చేసిన పనికి అతని నోరు సాకు కావాలా?

"అర్థమైంది సార్" అంది. "వెళ్ళొస్తానన్నాడు. స్పష్టంగానే అన్నాడు. నేనే మార్చి చెప్పాను."

"ఎందుకు?"

"తిరిగి వెళ్ళే దారి ఉంటే వెళ్ళిపోతాడని. నాకు ఒంటరిగా ఉండటం చేతకాక." అంతటితో ఆగలేదు. "అక్కడి ఆఫీసులో కూడా వాడే శాశ్వతమన్నాడని చెప్పాను. అదీ అబద్ధమే. వాడు ఎప్పుడూ అనలేదు."

అప్పటి ఆఫీసరావిడ కళ్ళు దించుకుంది. పొడుగాయన గోడమీంచి వీపు తీసి నిటారుగా నిలబడ్డాడు. ఇన్నాళ్ళూ అక్కగారూ అని నోరారా పిలిచిన మనిషి, ఆ రోజు మళ్ళీ ఆమెతో మాట్లాడలేదు.

పైఅధికారి ఆమెను బయట కూర్చోమని, తమ్ముడితో పొడుగాయన ద్వారా మాట్లాడాడు. చాలాసేపయింది. చివరికి ఆమెను లోపలికి పిలిచి, నిర్ణయం తర్వాత తెలుస్తుందన్నాడు. "ఒక్కటి మాత్రం ఇప్పుడే చెప్తున్నా. ఇకనుంచి ఏ ఆఫీసు పనిలోనూ ఆయన తరఫున మీరు మాట్లాడటానికి లేదు. మేమే ఒక మనిషిని ఏర్పాటు చేస్తాం. ఇది శిక్ష అనుకోకండి, రూలు."

"శిక్షనుకున్నా ఫర్లేదు సార్" అంది ఆమె.

నెల తర్వాత కబురొచ్చింది. తమ్ముడు వెళ్ళింది కొన్నాళ్ళకేనని ఒప్పుకున్నారు. పింఛను తిరిగి మొదలైంది. కుర్చీ ఇచ్చారు, సహాయకుణ్ణి ఇచ్చారు. నర్సరీ వ్యాను మళ్ళీ గుమ్మం ముందుకొచ్చింది. కానీ అన్నీ వెనక్కి రాలేదు. కబురొచ్చేలోపే ఆ ఫ్లాటును నడవలేని బిడ్డ ఉన్న ఒక కుటుంబానికి ఇచ్చేశారు. వాళ్ళను లేవమనడానికి ఎవరికి మనసొస్తుంది? తమ్ముణ్ణి ఇంకో ఇద్దరితో కలిపి ఒక ఇంట్లో ఉంచారు. ఒకాయనకు చూపు లేదు. ఇంకో ఆయన రోజుకు పదిసార్లు తలుపు గడియ వేసి తీసి చూసుకుంటాడు. పొడుగాయనకు అప్పటికే వేరేచోట పనిచ్చారు. సెలవురోజుల్లో వచ్చిపోతాడు. బొటనవేలికి నెలల తరబడి కసరత్తు చేయించినా సగమే తెరుచుకుంది. ఇప్పుడు కుర్చీని గడ్డంతో నడుపుతున్నాడు. నర్సరీలో గుంటలు ఇంకొకరు గుచ్చుతారు, ఇతను ఏ ట్రేలో ఏ విత్తనం వెయ్యాలో చెప్తాడు. "ప్రమోషన్ వచ్చింది" అన్నాడు అక్కతో. ఆమె ఆ వేలు చూడకుండా ఉండటానికి అతని కళ్ళలోకి చూసింది. అక్కడా నిలవలేకపోయింది.

పెద్దమ్మ మాత్రం ఫోన్లో, "మళ్ళీ పరాయివాళ్ళ పాలు చేశావా?" అంది. "అవును పెద్దమ్మా, వాళ్ళే నయం" అని ఆమె పెట్టేసింది.

ఇప్పుడు రెండు నెలలకోసారి రైలెక్కి వెళ్తుంది. మొన్న వెళ్ళినప్పుడు తమ్ముడికి ఆఫీసులో ఏడాదికోసారి జరిగే విచారణ ఉంది. ఏమేం సరిపోతున్నాయి, ఏం మార్చాలి అని అడుగుతారు. ఆమె బయట వరండాలో బెంచీమీద కూర్చుంది. తలుపు ఓరగా వేసి ఉంది. లోపల అతని మాటలు అందుకుని చెప్పడానికి ఏర్పాటు చేసిన అమ్మాయి కొత్తది. తమ్ముడు ఏదో అన్నాడు.

"నోరు బాగోలేదంటున్నారు" అంది ఆ అమ్మాయి.

వరండాలో ఉన్న ఆమెకు స్పష్టంగా తెలిసింది. అతనన్నది నోరు కాదు, నారు. నర్సరీలో కొత్తరకం నారు బాగా రావడంలేదని చెప్తున్నాడు. ఆమె సగం లేచింది. నాలుక చివరిదాకా వచ్చిన మాటను పళ్ళతో ఆపి, మళ్ళీ కూర్చుంది.

తమ్ముడు రెండోసారి చెప్పాడు. ఆ అమ్మాయి పళ్ళ డాక్టరు కావాలా అంది. అతను గట్టిగా ఊపిరి తీసుకోవడం బయటికి వినిపించింది. మూడోసారి, ఆకులు, మట్టి, నీళ్ళు అంటూ చుట్టూ తిప్పి చెప్పాడు. "ఓహో, నారా" అంది ఆ అమ్మాయి సిగ్గుపడుతూ. లోపల అందరూ నవ్వారు. తమ్ముడి నవ్వూ అందులో వినిపించింది.

పావుగంటలో తేలే పని గంటంబావు పట్టింది. కళ్ళజోళ్ళక్క కదలకుండా కూర్చుంది. ఎదురుగోడ మీద గడియారం ఉంది గానీ దానివైపు చూడలేదు. తను లోపల ఉంటే ఇంత ఆలస్యం అయ్యేది కాదు. తను లోపల ఉన్న రోజున ఎంత త్వరగా అయిపోయిందో గుర్తొచ్చి, ఒడిలో చేతులు బిగించుకుంది.

తలుపు తెరుచుకుని కుర్చీ బయటికొచ్చింది. తమ్ముడి నుదుట చెమట పట్టి ఉంది.

"విన్నావా?" అన్నాడు.

"విన్నాను."

"ఆ పిల్ల నేర్చుకుంటుందిలే. పాపం, రెండో వారమే."

"కర్చీఫుతో తుడవనా?"

"తుడువు."

ఆమె వంగి నుదురు తుడిచింది. అతను గడ్డంతో మీట నొక్కి వరండాలో ముందుకు సాగాడు. ఆమె పక్కనే నడిచింది. వ్యాను వచ్చేదాకా మెట్ల పక్కన ఇద్దరూ నీడలో ఆగారు. కొత్త రకం నారు ఎందుకు రావడంలేదో అతను చెప్తున్నాడు, మట్టిలో నీరు నిలిచిపోతోందట. ఆమె వింటోంది.